మనోవ్యథను చెప్పుకొనుట భక్తిలోపమా?

కార్తికమాసమున కురుమూర్తి జాతర సాగు దినములలో కొత్తకోట, ఆత్మకూరు, అమరచింత ప్రాంతముల గ్రామములనుండి కుటుంబములకు కుటుంబములే కొండకు తరలిపోవును. హైదరాబాదుకో, ముంబైకో కూలిపనికై వలసపోయినవారు సయితము ఆ నాళ్ళకు ఇల్లు చేరుకొందురు. స్వామి సన్నిధిని ప్రతివారికిని ఒక మ్రొక్కు కలదు. పంట పండవలెనని యొకరికి, కుమార్తె పెండ్లి కుదురవలెనని యొకరికి, అప్పు తీరవలెనని మఱియొకరికి. ఇవన్నియు ఇరుగుపొరుగువారి యెదుట నిస్సంకోచముగ చెప్పుకొనునవే. కాని మాసములుగా నిద్రలేక, అన్నము సహింపక, బ్రతుకుపై రోసి కొండ యెక్కినవాడు ఆ సమూహమున నున్నచో వాని మ్రొక్కు మాత్రము నోట వెలువడదు.

ఒకవేళ ధైర్యము తెచ్చుకొని యింటిపెద్దతో చెప్పుకొనినను, తఱచుగ వినబడు సమాధానమొకటి కలదు: “స్వామిని నమ్ముకొన్నవానికి మనోవ్యాధి యేమిటిరా?” పెద్దలు దీనిని ఓదార్పుగనే పలుకుదురు. వినువానికి అది తీర్పువలె తగులును. అంతవఱకు వానికున్నది దుఃఖమొక్కటియే. ఇప్పుడు భక్తిహీనుడనను దోషము కూడ నెత్తిన పడినది. కావున ప్రశ్నను సూటిగ వేసికొనవలసియున్నది. భగవంతుని నమ్మినవాడు తన మనస్సులోని బాధను శిక్షణపొందిన మఱియొక మనుష్యుని యెదుట చెప్పుకొని సాయము కోరుట, అనగ నేడు కౌన్సెలింగ్ అని వ్యవహరింపబడుచున్న దానిని ఆశ్రయించుట, విశ్వాసమునకు విరుద్ధమగునా?

చరకసంహిత సూత్రస్థానమున చికిత్స మూడు విధములని చెప్పబడినది. మంత్రము, హోమము, ఉపవాసము, తీర్థయాత్ర మొదలగునవి దైవవ్యపాశ్రయము. ఆహారౌషధములను యుక్తముగ కూర్చుట యుక్తివ్యపాశ్రయము. మనస్సును అహితవిషయములనుండి మరల్చుట సత్త్వావజయము. తీర్థయాత్రను చికిత్సగ గణించిన శాస్త్రమే అది యొక్కటియే చాలునని చెప్పలేదు. మనోదోషములకు జ్ఞానము, విజ్ఞానము, ధైర్యము, స్మృతి, సమాధి అనువానిని ఉపశమనములుగ విధించినది. వీనిని నూరి మ్రింగించుట సాధ్యము కాదు. ఎఱిగినవాడు దగ్గర కూర్చుండి, మాటలచే రోగి మనస్సునకు అందింపవలసినవి.

ఇక గీతను చూతము. నిత్యపారాయణము చేయువారిలో సయితము ప్రథమాధ్యాయమును త్వరత్వరగ ముగించి ఉపదేశభాగమునకు పోవువారే యెక్కువ. ఆ ప్రథమాధ్యాయమున భగవానుడు చేసినదేమి? రథమును ఉభయసేనల నడుమ నిలిపి, కూడియున్న కౌరవులను చూడుమని ఒక్క మాట పలికెను. ఆపైన అధ్యాయము ముగియువఱకు ఆయన నోరు విప్పలేదు. అర్జునుడు తన అవయవములు సడలుచున్నవనియు, నోరెండుచున్నదనియు, దేహము వణకుచున్నదనియు, గాండీవము చేజారుచున్నదనియు చెప్పుకొనెను. తన దుఃఖమునకు ధర్మశాస్త్రమునుండి కారణములు వెదకి చూపెను. చివరకు ధనుర్బాణములు విడిచి రథముపై చతికిలబడెను. అంతసేపును స్వామి వినుచునే యుండెను. సర్వజ్ఞునకు విని తెలిసికొనవలసినది ఏమియు లేదు గదా! ఆ వినుట అర్జునుని కొఱకే.

తరువాతి ఘట్టము ఇంకను గమనింపదగినది. ద్వితీయాధ్యాయారంభమున స్వామి మొదట పలికినవి మందలింపు మాటలు. ఈ పిఱికితనము నీకు తగదు, లెమ్మనెను. లోకమున మనోవ్యథితునకు బంధువులు చెప్పునదియు నిదియే. అర్జునుడు లేచెనా? లేవలేదు. మరల తన సంకటమునే చెప్పుకొని, తనకు దారి తోచకున్నదనియు, తాను శిష్యుడననియు, శరణు జొచ్చితిననియు పలికి, యుద్ధము చేయనని ఊరకుండెను. సాక్షాత్తు భగవంతుని నోట వెలువడిన మందలింపే చాలనిచోట మేనమామ మందలింపు చాలునా? అక్కడినుండి గ్రంథమంతయు సంభాషణమే. అర్జునుడు సందేహించును, నీ మాట నా బుద్ధిని కలవరపెట్టుచున్నదని నిర్భయముగ చెప్పును, మరల అడుగును. స్వామి విసుగుకొనడు. పదునెనిమిదవ అధ్యాయమున, ఇదంతయు లెస్సగ విచారించి నీకెట్లు తోచిన అట్లు చేయుమని నిర్ణయమును వానికే విడిచెను. చరమశ్లోకము ఆ మాట వెలువడిన తరువాతనే వచ్చును. శరణాగతి సయితము బలవంతముగ రుద్దబడలేదు.

శరణాగతికి పెద్దలు చెప్పిన ఆఱంగములలో కార్పణ్యమొకటి. తన అశక్తతను దాచుకొనకుండుటయే అది. “నాకు చేతకాకున్నది” యను మాట భక్తిలోపమగుట యటుంచి, ప్రపన్నుని లక్షణములలోనే చేరినది. జీవుడు భగవంతుని చేరుటకే పురుషకారము, ఆచార్యుని తోడు కావలెనని నమ్ము సంప్రదాయమువారు, కలతచెందిన మనస్సునకు మఱియొక మనుష్యుని తోడు అక్కరలేదనుట వింతగ నున్నది.

కౌన్సెలింగ్ అనగ సలహా చెప్పుట యని పలువురి భావన. సలహాలకు మన గ్రామములలో కొదువ లేదు, లేనిది వినువాడు. 1895లో వియన్నా వైద్యులు బ్రాయర్, ఫ్రాయిడ్ ప్రకటించిన గ్రంథమున, ఒక రోగిణి తనకు ఉపశమనము కలిగించిన విధానమునకు మాటల చికిత్స యని తానే పేరు పెట్టినట్లు కలదు. 1942లో అమెరికాలో కార్ల్ రోజర్స్ అను మనశ్శాస్త్రజ్ఞుడు, ఎదుటివాడు ఆజ్ఞాపింపక, తీర్పు చెప్పక మనస్సుపెట్టి వినినచో బాధితుడు తన దారిని తానే కనుగొనగలడని ప్రతిపాదించెను. మన దేశమున జస్వంత్ సింగ్ నేకీ అను మానసిక వైద్యుడు 1973లో, గురుశిష్యసంబంధము భారతీయులకు తగిన చికిత్సామార్గము కాగలదని వ్రాసెను. అందు సత్యము కలదు, భేదమును కలదు. గురువు జీవితాంతము గురువే; కౌన్సెలరు తన పని ముగియగనే తప్పుకొనవలెను.

పని జరుగు తీరు చాల సాదాగ నుండును. సుమారు ముప్పావుగంటనుండి గంటవఱకు ఇరువురు ఏకాంతముగ కూర్చుందురు. వారమునకొకమారు, కొన్ని వారములు. మొదట నిద్ర, ఆకలి, పని, ఇంటి సంగతులు అడుగుదురు. వేరుశనగ పంట పోయి, బోరు ఎండిన రైతు వచ్చెననుకొందము. “పంట పోయినది, అప్పు మిగిలినది, నేను పనికిమాలినవాడను, నేను లేకున్న ఇల్లు బాగుపడును” అని యతడు ఒకే ఊపిరిని చెప్పును. ఇందు మొదటి రెండును జరిగిన సంగతులు. తక్కిన రెండును అలసిన మనస్సు అల్లినవి. నాలుగును కలసిపోయి నాలుగును సత్యములవలె తోచుటయే వ్యాధి. ఈ పోగులను విడదీసి చూచుకొను విధానమును 1960 దశకమున ఆరన్ బెక్ అను వైద్యుడు రూపొందించెను. తరువాత చిన్నచిన్న పనులు: ప్రొద్దున లేచి స్నానము చేయుట, చేనివఱకు నడచిపోవుట, మానివేసిన సంధ్యావందనమును మరల పట్టుకొనుట. ఆపైన అప్పుల పట్టిక. ఏది బ్యాంకుది, ఏది వడ్డీవ్యాపారిది, ఏది వాయిదా కోరదగినది. కౌన్సెలరు అప్పు తీర్చడు. తీర్చు మార్గమును వెదకుటకు కావలసిన మనస్సును తిరిగి నిలబెట్టుకొనుటకు తోడ్పడును.

మఱియొకటి అడుగుదురు. చనిపోవలెనను తలపు వచ్చుచున్నదా యని సూటిగ అడుగుదురు. అశుభము పలుకరాదని మన పెద్దలు ఈ మాట దాటవేయుదురు. అడిగినంతమాత్రమున లేని తలపు పుట్టదని పరిశోధనలు చెప్పుచున్నవి. వాల్మీకి మహర్షియు దీనిని దాటవేయలేదు. అశోకవనమున సీతమ్మ తన జడతోనే ప్రాణము తీసికొనదలచిన ఘట్టమును సుందరకాండమునందే నిలిపెను. అంతకుముందు సీత కానరాక హనుమంతుడే మరణమును గూర్చి ఆలోచించెను. భక్తాగ్రేసరునకు, జగన్మాతకు వచ్చిన తలపు కొత్తకోట దగ్గర రైతునకు వచ్చినంతనే వాని భక్తిని శంకింపనేల?

సీతమ్మతో మాటలాడుటకు ముందు హనుమంతుడు చేసిన ఆలోచన కౌన్సెలర్లకు పాఠముగ చెప్పదగినది. ద్విజునివలె సంస్కృతమున పలికినచో రావణుడే యని భయపడునేమో యని శంకించి, మనుష్యుల వాడుకభాషలో మధురముగ పలుకవలెనని నిశ్చయించెను. ఎదుటికి దుముకలేదు, చెట్టుపైననే యుండి ఆమెకు వినబడునట్లు రామకథను చెప్పెను. పండితులు ఈ సర్గను మరల మరల చదువుట మంచిది. పాలమూరు సీమవారు “మనసు బాగలేదు” అనరు, “పానం మంచిగ లేదు” అందురు. నెత్తి బరువనియు, గుండెదడ యనియు చెప్పుదురు. ఆ పలుకుబడి తెలియనివాడు తలనొప్పికి మాత్ర యిచ్చి పంపివేయును.

ఇట్లు వినుటకు పెద్ద చదువే కావలెనా? జింబాబ్వే దేశమున డిక్సన్ చిబాండా అను వైద్యుడు 2006లో ఆసుపత్రుల ఆవరణలో బల్లలు వేయించి, శిక్షణపొందిన అవ్వలను వానిపై కూర్చుండబెట్టెను. ఆ పద్ధతివలన దిగులు తగ్గినదని 2016లో ప్రకటితమైన అధ్యయనము తెలుపుచున్నది. మన గోవాలోను, వైద్యులు కాని సామాన్యులకు శిక్షణ నిచ్చి ఆరోగ్యకేంద్రములలో ఇట్టి పని చేయించిరి. కొత్తకోట వీధి అరుగులపై అవ్వలకు లోటులేదు. లోపించినది శిక్షణ, దానితోపాటు విన్న మాటను కడుపులో దాచుకొను నియమము. ఈ రెండవదియే కష్టము. ఆడపిల్లకు మనోవ్యాధి యని తెలిసినచో సంబంధములు రావను భయముచేతనే పెక్కు కుటుంబములు వైద్యమునకు పోవు. అందుచేత బంధువు కానివాడు, రహస్యమును కాపాడుటకు బద్ధుడైనవాడు వినుటలో ఒక మేలున్నది. 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఈ గోప్యతను రోగి హక్కుగ చేసినది.

దేవాలయము ఇందుకు పనికిరాదనుట కాదు. తమిళనాడులోని ఒక ముత్తుస్వామి ఆలయమున ఆశ్రయము పొందిన మనోరోగులను బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు పరిశీలించి, కొన్ని వారములలో వారి లక్షణములు సుమారు అయిదవ వంతు తగ్గినవని 2002లో ప్రకటించిరి. అందుకు కారణము అచ్చటి ఆదరణ యని వారి యభిప్రాయము. అదే రాష్ట్రమున ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు ఆశ్రయగృహము తగులబడగా, గొలుసులతో కట్టివేయబడిన రోగులు తప్పించుకొనలేక 28 మంది మరణించిరి. అచ్చటికి తెచ్చి విడిచినవారును దైవమును నమ్మియే తెచ్చిరి.

కౌన్సెలింగ్ అన్నింటికిని చాలదు. లేని మాటలు వినబడువారికి, లోకముతో సంబంధము తెగినవారికి, తీవ్రమైన దిగులున నున్నవారికి మానసిక వైద్యుడును మందులును కావలెను. మాటలు వానికి తోడు. 2015-16లో 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ సర్వేలో పెద్దలలో నూటికి 10.6 మందికి ఏదో యొక మానసిక రుగ్మత యున్నట్లును, వారిలో అత్యధికులకు చికిత్సయే అందనట్లును తేలినది. 2022కు ముందు వనపర్తి ప్రాంతమువారు వైద్యకళాశాల ఆసుపత్రికై మహబూబ్‌నగరో, కర్నూలో, హైదరాబాదో పోవలసియుండెను. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్యకళాశాలలు తెఱవబడినవి. మానసిక వైద్యవిభాగమును గూర్చి అచ్చటనే విచారింపవచ్చును.

కేసు అగునేమో యను భయము కూడ కొందఱికి కలదు. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నుండెనని భావించి వానిని శిక్షింపరాదని పై చట్టము చెప్పినది. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత శిక్షాస్మృతిలోని ఆ సెక్షనే లేదు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము టెలిమానస్ అను ఫోను సేవను ప్రారంభించినది. 14416 సంఖ్యకు రాత్రింబవళ్ళు ఎప్పుడైనను ఉచితముగ ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును. బాధితుడు మాటలాడుటకు ఇష్టపడని యెడల ఇంటివారే మొదట ఫోను చేసి, వానితో ఎట్లు మాటలాడవలెనో తెలిసికొనవచ్చును. ఈలోగ ఇంటనున్న పురుగుమందు డబ్బాను పొరుగింట తాళములో పెట్టించి, రాత్రివేళ వానిని ఒంటరిగ విడువక, ఎవరైన దగ్గర పరుండవలెను.