మామ్మగారి సంతకం

మా ఫ్లాట్ దస్తావేజులో 38 చదరపు గజాల అవిభాజ్య వాటా అని రాసుంది. అందరం యూడీఎస్ అంటాం. ఆ నేల ఎక్కడుంది? లిఫ్టు కిందా, బోరు పక్కనా, గేటు దగ్గర వేపచెట్టు మొదట్లోనా? ఇదిగో అని చూపించలేను. అంగుళమంగుళంలో నేనున్నాను, నాతో పాటు మరో 19 కుటుంబాలున్నాయి. సొంతం అనే మాటను దస్తావేజు ఎంత తేలిగ్గా వాడేసిందో!

పోయిన వానాకాలం సెల్లార్‌లో ఒక పిల్లరు పగిలింది. వేలు పెడితే పెచ్చు రాలి తుప్పుపట్టిన ఊచ బయటపడింది. మరమ్మతు కన్నా కూల్చి కట్టుకోవడమే మేలన్నారు ఇంజనీరు. 19 ఇళ్లవాళ్లు సరేనన్నారు. మొదటి అంతస్తు మామ్మగారు సంతకం పెట్టలేదు. "రెండేళ్లు అద్దింట్లో ఉండమంటారు బాబూ, నాకు ఆ రెండేళ్లు రాసిపెట్టి ఉన్నాయో లేవో" అన్నారు.

1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం వాటాల లెక్క చెప్పింది. 2016 రెరా చట్టం ఉమ్మడి స్థలాల హక్కును నివాసుల సంఘానికి రాసివ్వమంది. స్టిల్ట్ పార్కింగును బిల్డరు విడిగా అమ్ముకోకూడదని ఒక ముంబై కేసులో 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. మంచిదే. కానీ ఇవి ముఖ్యంగా బిల్డరుకీ కొన్నవాళ్లకీ మధ్య తగవులు. బిల్డరు వెళ్లిపోయిన పాతికేళ్లకు ఇరుగూపొరుగూ ఒకరికొకరు ఏం బాకీ?

సింగపూర్‌లో 1999 నుంచి పదేళ్లు దాటిన భవనాన్ని 80 శాతం వాటా ఉన్నవాళ్లు ఒప్పుకుంటే మొత్తంగా అమ్మేయొచ్చు. కాదన్నవాళ్ల మొర వినడానికి ఒక బోర్డు ఉంది. అలాంటి మార్పు ఇక్కడా రావాలనే నా కోరిక. ఒక్క సంతకం కోసం పిల్లలు ఆ పిల్లరు పక్కనే సైకిళ్లు తొక్కుతూ ఉండటం నాకు భయం. అయితే ఓటును గజాలతో కొలుద్దామా, తలలతోనా? మూడో అంతస్తులో ఏళ్ల తరబడి అద్దెకుంటున్న టైలరుకు గజం నేల లేదు. కూలితే అతని మీదా కూలుతుంది. అతన్ని అడగక్కర్లేదా? సంఖ్య తేలితే న్యాయం తేలినట్టేనా?

నిన్న మామ్మగారిని చెయ్యి పట్టుకుని సెల్లార్‌లోకి తీసుకెళ్లాను. ఆవిడ ఊచను తడిమారు, వేలికంటిన తుప్పును కొంగుకు తుడుచుకున్నారు. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "ఆ రెండేళ్ల అద్దె ఎవరు కడతారు బాబూ?" అన్నారు. మళ్లీ పైకొచ్చి దస్తావేజు మొత్తం చదివాను. అందులో అద్దె మాటే లేదు.