ఊరి తప్పు అతిథికి చెప్పాలా?

ఇంటికి చుట్టం వస్తే మనం ముందు నీళ్ళిస్తాం, మంచం వాలుస్తాం. ఊరు చూస్తానంటే వేల్పుల గుడి, వాగు, తాతలనాటి ఇప్పచెట్టు చూపిస్తాం. ఎప్పుడో చెడ్డ పని జరిగిన చోటు పక్కనుంచి పోతున్నా ఆ మాట ఎత్తం. అది మర్యాద అనుకుంటాం. కానీ ఒక ఊరు తాను చేసిన తప్పును తన అతిథికి చెప్పాలా, వద్దా? చెప్తే పరువు పోతుందా, నిలుస్తుందా? ఈ ప్రశ్న మన గూడేలకే కాదు, పేరున్న నగరాలకూ ఉంది. దూరపు ఊరి సంగతి అయితే మనసు కాస్త నిమ్మళంగా ఆలోచిస్తుంది. అందుకని ఇంగ్లండులోని యార్క్ నగరాన్ని తీసుకుందాం.

యార్క్ ఇంగ్లండు ఉత్తర భాగంలో ఊజ్ నది ఒడ్డున ఉంది. దేశదేశాల నుంచి జనం ఆ ఊరు చూడటానికి వస్తారు. అక్కడ ఒక మంచి పద్ధతి ఉంది. 1951 నుంచి ఆ ఊరివాళ్ళే కొందరు, ఒక్క పైసా తీసుకోకుండా, వచ్చినవాళ్ళను వెంట నడిపిస్తూ ఊరి కథ చెప్తున్నారు. డబ్బు తీసుకొని చూపించేవాడు, డబ్బిచ్చినవాడికి నచ్చేది చూపిస్తాడు అనుకోవచ్చు. మరి ప్రేమతో చూపించేవాడు ఏం చూపించాలి?

పటం ముందు పెట్టుకొని మనమూ ఆ ఊళ్ళో నడుద్దాం.

ఎగ్జిబిషన్ స్క్వేర్ అనే కూడలిలో విలియం ఎట్టీ అనే చిత్రకారుడి విగ్రహం ఉంది. ఊరి చుట్టూ పాత రాతిగోడ ఉంది. 1800 ప్రాంతంలో నగర పెద్దలే ఆ గోడ పడగొట్టాలని చూశారు. జనం ఒప్పుకోలేదు. తర్వాతి కాలంలో ఎట్టీ వంటివాళ్ళు గోడ కోసం గట్టిగా నిలబడ్డారు. ఇవాళ ఆ గోడ మూడు కిలోమీటర్లకు పైగా మిగిలి ఉంది. దాని మీద నడుస్తూ ఊరంతా చూడవచ్చు.

ఈ ఊరిని క్రీ.శ. 71లో రోమన్లు సైనిక స్థావరంగా మొదలుపెట్టారు. 306లో కాన్‌స్టంటైన్‌ను ఆయన సైనికులు చక్రవర్తిగా ప్రకటించింది ఇక్కడే. 866లో సముద్రం దాటి వచ్చిన వైకింగులు ఊరిని పట్టుకున్నారు. వాళ్ళ ఏలుబడి పోయి వెయ్యేళ్ళు దాటింది. కానీ వాళ్ళ మాట పోలేదు. స్టోన్‌గేట్, కాపర్‌గేట్, గుడ్‌రమ్‌గేట్ అని ఆ వీధుల పేర్లు. ఇక్కడ గేట్ అంటే తలుపు కాదు, వైకింగుల భాషలో వీధి. కాపర్‌గేట్ అంటే చెక్కతో గిన్నెలు, లోటాలు చేసేవాళ్ళ వీధి. 1976 నుంచి 1981 దాకా అక్కడ తవ్వితే వాళ్ళ ఇళ్ళు, పనిముట్లు, చెక్క సామాన్లు బయటపడ్డాయి. మన కొండల పేర్లు, వాగుల పేర్లు కాగితాల్లోకి ఎక్కేటప్పుడు ఎలా మారిపోతున్నాయో తెలిసిన మనం ఈ చోట కాస్త ఆగి చూడాలి. పేరు నిలిస్తే మనుషులు ఉన్నారన్న గుర్తు నిలుస్తుంది.

ఇంతవరకు చెప్పడం ఏ ఊరివాడికైనా తేలిక. రోమన్లు గొప్ప, గోడ గొప్ప, కట్టడానికి రెండు వందల ఏళ్ళకు పైగా పట్టిన పెద్ద చర్చి ఇంకా గొప్ప. నడక దక్షిణానికి తిరిగాక కష్టం మొదలవుతుంది. అక్కడ ఒక మట్టిదిబ్బ, దాని మీద రాతి బురుజు. దాని పేరు క్లిఫర్డ్ టవర్. మెట్లెక్కి పైకి పోతే ఊరు బాగా కనబడుతుంది. ఇప్పుడున్న రాతి కట్టడం 13వ శతాబ్దంలో కట్టింది. అంతకు ముందు అదే దిబ్బ మీద చెక్క బురుజు ఉండేది. అది 1190 మార్చి 16న కాలిపోయింది.

ఆ రోజు ఆ బురుజులో ఉన్నవాళ్ళు యార్క్‌లోని యూదులు. ముందటి ఏడు రిచర్డ్ రాజు పట్టాభిషేకం నాడే లండన్‌లో యూదుల మీద దాడులు మొదలయ్యాయి. రాజు యుద్ధయాత్రకు దేశం దాటి పోయాడు. దాడులు ఊరూరా పాకి యార్క్ చేరాయి. ఒక యూదు ఇంటి మీద పడి ఇంట్లోవాళ్ళను చంపి దోచుకున్నారు. మిగిలినవాళ్ళు భయపడి పిల్లాపాపలతో రాజు బురుజులో తలదాచుకున్నారు. గుంపు చుట్టుముట్టింది. కాపాడవలసిన సైనికులే ముట్టడికి దిగారు. ఇక బతికే దారి లేదని తెలిశాక, లోపలివాళ్ళలో చాలామంది తమ మతగురువు మాట మీద గుంపు చేతికి చిక్కకుండా తమవాళ్ళను, తమను చంపుకున్నారు. బురుజుకు నిప్పు పెట్టారు. కొద్దిమంది ప్రాణభిక్ష అడిగి, మతం మారతామని బయటికి వచ్చారు. వాళ్ళనూ చంపారు. మొత్తం దాదాపు 150 మంది పోయారు.

తర్వాత గుంపు ఎక్కడికి పోయిందో చూడండి. నేరుగా పెద్ద చర్చికి పోయింది. యూదులకు బాకీ ఉన్నవాళ్ళ అప్పు పత్రాలు అక్కడ భద్రపరిచి ఉన్నాయి. వాటిని తీసి చర్చిలోనే కుప్పవేసి కాల్చింది.

ఇక్కడ మనం నిజాయితీగా మాట్లాడుకోవాలి. అప్పు పత్రాలు కాల్చారు అని వినగానే మన గుండె ఒక్క క్షణం వాళ్ళ వైపు మొగ్గుతుంది. షావుకారు ఖాతాలో వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న తాతల మనవళ్ళం. ఆ ఖాతా కాలితే బాగుండునని అనుకోని గూడెం ఉండదు. కాబట్టి యార్క్ కథ మనకు తేలికగా తెగదు. అందుకే ఇది మనం చదవవలసిన కథ.

ముందు బలం ఎవరి చేతిలో ఉందో చూడాలి. ఆ కాలంలో క్రైస్తవులు వడ్డీకి ఇవ్వకూడదని చర్చి నియమం. యూదులకు భూమి, చాలా రకాల పనులు దాదాపు అందకుండా ఉండేవి. అందుకే వాళ్ళలో కొందరు వడ్డీ వ్యాపారంలో ఉన్నారు. ఆ వ్యాపారం మీద రాజు పిండుకునేవాడు. 1186లో లింకన్ ఊరి ఆరోన్ అనే పెద్ద వ్యాపారి చనిపోతే ఆస్తి, రావలసిన బాకీలు అన్నీ రాజే తీసుకున్నాడు. మన షావుకారు వెనక పోలీసు, కచేరీ ఉండేవి. యార్క్ యూదుల వెనక ఎవరూ నిలబడలేదు. గుంపును నడిపినవాళ్ళు పేదలు కారు. భూములూ ఆయుధాలూ ఉండి, అప్పు ఎగ్గొట్టదలచిన దొరలు. పేదలు వాళ్ళ వెంట పోయారు.

ఇంకో మాట. అప్పు ఇచ్చినవాడిది అన్యాయమే అనుకున్నా, బురుజులో ఉన్న పసిపిల్ల ఎవరికీ అప్పు ఇవ్వలేదు. కాగితం కాల్చడం వేరు, మనిషిని కాల్చడం వేరు. మన కోపం న్యాయమైనది అయినంత మాత్రాన మన చేయి ఎక్కడ పడినా న్యాయం కాదు. ఈ తేడా చెప్పలేని ధర్మం ఏ జాతికీ పనికిరాదు.

తర్వాత ఏం జరిగింది? రాజప్రతినిధి వచ్చి ఊరి మీద జరిమానా వేశాడు. నడిపించిన దొరలు తప్పించుకున్నారు. 1194లో కొత్త ఏర్పాటు వచ్చింది. అప్పు పత్రాలకు రెండు ప్రతులు రాసి, ఒకటి పెట్టెలో తాళం వేసి ఉంచాలి అని. అంటే కాగితాలకు కాపలా దొరికింది, మనుషులకు దొరకలేదు. 1290లో యూదులందరినీ ఇంగ్లండు నుంచి వెళ్ళగొట్టారు. తమ కథ తాము చెప్పుకోవడానికి ఆ ఊళ్ళో వాళ్ళే మిగలలేదు.

మరి మనకు ఇంత వివరంగా ఎలా తెలిసింది? ముఖ్యంగా న్యూబర్గ్ విలియం అనే క్రైస్తవ మఠవాసి రాసిపెట్టడం వల్ల. అతనిదీ ఆ ప్రాంతమే. యూదులంటే అతనికి ఇష్టమేమీ లేదు, రాతలో అది దాచుకోలేదు. అయినా జరిగిన హత్యలను తప్పు అన్నాడు, వాటి వెనక ఉన్న దురాశను ఎత్తిచూపాడు. చచ్చినవాళ్ళు మనవాళ్ళు కాకపోయినా, మనకు నచ్చనివాళ్ళే అయినా, జరిగింది జరిగినట్టు చెప్పవచ్చునని ఆ రాత చూపిస్తుంది.

ఆ దిబ్బ కింద చనిపోయినవారి గుర్తుగా రాతిపలక పెట్టింది 1978లో. అంటే 788 ఏళ్ళకు. అన్నాళ్ళూ ఎందరో మెట్లెక్కి, గాలి పీల్చుకొని, ఊరు బాగుందని దిగి పోయి ఉంటారు. ఇప్పుడు మార్చి నెలలో ఆ దిబ్బ నిండా ఆరు రేకుల పసుపు డాఫొడిల్ పూలు పూస్తాయి. పలక చదివినవాడికి ఆ పూలు ఒకలా కనబడతాయి, చదవనివాడికి ఇంకోలా.

చెప్పకూడదు అనేవాళ్ళ మాటా వినాలి. ఇప్పటి ఊరివాళ్ళు ఎవరినీ చంపలేదు, ఎనిమిది వందల ఏళ్ళ నాటి పాపం వాళ్ళ నెత్తిన ఎందుకు అంటారు. నిజమే, పాపం వాళ్ళది కాదు. కానీ గోడ కట్టింది కూడా వాళ్ళు కాదు కదా. గోడను మాది అని చూపించేవాడు బూడిదను మాది కాదు అనలేడు. తాతల ఆస్తి తీసుకున్నవాడు తాతల బాకీ సంగతీ వినాలి.

అతిథి సంతోషం కోసం వచ్చాడు, ఏడిపించడం ఎందుకు అనేది ఇంకో మాట. యార్క్‌లోనే దీనికి ఒక వింత జవాబు కనిపిస్తుంది. అక్కడ రాత్రిపూట దయ్యాల నడకలు పెట్టి, చావుల కథలు చెప్పి, భయపెట్టి నవ్వించి డబ్బు తీసుకుంటారు. అంటే అతిథికి చావు వినడం కష్టం కాదు, ఎవరు ఎందుకు చంపారో వినడమే కష్టం. చెడ్డను దాచడం ఒక తప్పు, తమాషాగా అమ్మడం ఇంకో తప్పు. ఏ రోజు, ఎంతమంది, ఎవరు చేశారు, ఎవరికి లాభం కలిగింది అని గొంతు పెంచకుండా చెప్పడమే సరైన దారి.

ఇప్పుడు మన వైపు చూద్దాం. మన మీద జరిగింది చెప్పడం మనకు వచ్చు. డోలీలు పడిగె పట్టి పూర్వీకుల కథ చెప్తారు. మేడారంలో మనం కొలిచేది పన్ను కట్టమని ఎదురు నిలిచి యుద్ధంలో ఒరిగినవాళ్ళను. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగాయి. 13 మంది అని సర్కారు లెక్క, ఆదివాసులు చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. అక్కడి స్తూపం దగ్గరికి పోయి దండం పెట్టడానికి కూడా ఏళ్ళ తరబడి ఆంక్షలు ఉండేవి. జలపాతం చూడటానికి ఆదిలాబాద్ వచ్చినవాళ్ళకు ఆ స్తూపం కూడా చూపించమని అడిగే హక్కు మనకు ఉంది.

కానీ అడిగేవాడికి ఒక బాధ్యత ఉంటుంది. చిల్లంగి పెట్టిందని ఒక ముసలమ్మను కొట్టిన ఊళ్ళు, మంత్రగాడని ఒక మనిషిని చంపిన ఊళ్ళు మన్యంలో లేవా? అక్కడా జ్వరం, పుకారు, గుంపు ఉన్నాయి. కొన్నిచోట్ల ఆ మనిషి భూమి మీద ఎవరిదో కన్ను కూడా ఉంది. యార్క్ దొరల లెక్కకూ ఈ లెక్కకూ దూరం ఎంత? బయటివాళ్ళు మనల్ని అడవిమనుషులని ఎగతాళి చేస్తారని ఆ మాట మింగేస్తాం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అయితే మనం చెప్పకపోతే వాళ్ళు చెప్తారు, ఎగతాళిగానే చెప్తారు. మనం చెప్తే చచ్చిపోయిన మనిషి మనిషిగా మిగులుతాడు.

ఉపాధ్యాయ మిత్రులు ఒక పని చేయవచ్చు. ఐదో తరగతి దాటిన పిల్లలతో గూడెం చుట్టూ ఒక నడక పెట్టండి. ఒక్కో పిల్లకు ఒక్కో చోటు ఇవ్వండి. వాగు పేరు ఎక్కడిది, ఈ పొలం ముందు ఎవరిది, ఈ ఇల్లు ఎందుకు పాడుబడింది అని పెద్దలను అడిగి రమ్మనండి. చెప్పడానికి పెద్దలు వెనకాడిన చోటు ఉంటే బలవంతం చేయవద్దు. బాధపడిన ఇంటివాళ్ళ అనుమతి లేకుండా వాళ్ళ పేరు నలుగురిలో పెట్టవద్దు. కానీ ఆ చోటును నడకలోంచి తీసేయకండి. పిల్లలను అక్కడ ఒక నిమిషం నిలబెట్టండి. ఎందుకు నిలబడ్డాం అని వాళ్ళే అడుగుతారు. అప్పుడు ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో ఊరి పెద్దలతో ముందే కూర్చొని మాట్లాడుకోండి. ఆ మాటలు మొదలైన రోజే పని మొదలైనట్టు.