ఉపవాసమా, పస్తా?

తమిళనాడులో మధ్యాహ్న భోజనంతో పాటు బడి పిల్లలకు గుడ్డు పెడతారు. గుడ్లకు పేరుపొందిన నామక్కల్ కూడా మన రాష్ట్రంలోనే ఉంది. అయితే గుడ్డు తినే మనం, అది పెట్టిన కోడి గురించి ఎప్పుడైనా ఆలోచించామా?

పెట్ట సుమారు 5 నెలల వయసులో గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. ఏడాది దాటాక గుడ్లు తగ్గుతాయి, పెంకు పలచబడుతుంది. సహజంగా అయితే పగటి పొద్దు తగ్గే కాలంలో కోడి గుడ్లు ఆపి, పాత ఈకలు రాల్చి, ఒళ్లు బాగుచేసుకుంటుంది. దీన్ని మోల్టింగ్ అంటారు. కొన్ని ఫారాల్లో దీన్నే మందకంతా ఒకేసారి బలవంతంగా చేయిస్తారు. వారం, రెండు వారాలు మేత ఆపేస్తారు. వెలుతురు తగ్గిస్తారు. కోడి బరువులో దాదాపు నాలుగో వంతు పోతుంది. తట్టుకోలేనివి చచ్చిపోతాయి. నీరసించిన కోళ్లకు సాల్మొనెల్లా క్రిమి సులభంగా సోకుతుంది. అది గుడ్డు ద్వారా మనకూ రావచ్చు.

"పొదిగే కోడి కూడా 21 రోజులు సరిగా తినదు కదా, ఇందులో తప్పేముంది?" అని కొందరు అడుగుతారు. దీనికి జవాబు మన భాషలోనే ఉంది. తనంతట తాను తినకుండా ఉంటే ఉపవాసం. తిండి దొరక్క మాడితే పస్తు. పొదిగే కోడి ఆకలేస్తే లేచి నాలుగు గింజలు తిని వస్తుంది. బోనులో కోడికి ఆ దారి లేదు.

ఇంకో వాదన ఉంది. ఇలా చేయకపోతే ఆ కోళ్లను కోతకు అమ్మేసి, కొత్త పిల్లలను పెంచాలి. రైతుకు అది ఖర్చే. ఈ మాట నిజమే. కానీ బతకనిచ్చాం కాబట్టి మాడ్చవచ్చు అనడం న్యాయం కాదు. పైగా వేరే దారి ఉంది. మేత పూర్తిగా ఆపకుండా, తవుడు, పొట్టు ఎక్కువగా కలిపిన బలం తక్కువ మేత పెట్టి కూడా ఈకలు రాల్పించవచ్చు.

పెంచే జంతువుకు చాలినంత తిండి పెట్టకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మేత ఆపి మోల్టింగ్ చేయించడం మానాలని భారత జంతు సంక్షేమ మండలి 2011లో చెప్పింది.

గుడ్డు మానేయమని నేను అనను. ఎందరో పిల్లలకు అదే బలం. కానీ మన ఆకలి తీర్చే ప్రాణిని ఆకలితో మాడ్చకూడదు. అందుకోసం గుడ్డు ధర కాస్త పెరిగితే, ఆ భారం రైతు ఒక్కడిదే కాదు. కొనే పెద్దలు, బడికి గుడ్లు ఇచ్చే ప్రభుత్వం కూడా పంచుకోవాలి.