వయసు మీద వేయకముందు

కోలారు జిల్లా గౌనిపల్లి చుట్టుపక్కల ఏ రైతునైనా అడగండి, తన బోరు ఎన్ని అడుగుల లోతో, ఎన్ని ఇంచుల నీళ్లు పోస్తుందో, ఏ ఏడు ఎండిపోయిందో గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. మండీలోనూ టీ అంగట్లోనూ ఆ లెక్కలకు దాపరికం లేదు. తన ఒంట్లో ధార సన్నబడిన సంగతి మాత్రం కట్టుకున్న భార్యకైనా చెప్పడు.

చెప్పకపోయినా తెలిసిపోతుంది. కోలారు బస్సెక్కాల్సిన పెద్దాయన పొద్దున్నుంచి నీళ్లు ముట్టడు. చేతికిచ్చిన టీ సగం తాగి గ్లాసు పక్కన పెట్టేస్తాడు. శ్రీనివాసపురంలో బస్సు ఆగగానే అందరికంటే ముందు దిగి గోడవారన నిలబడతాడు. కండక్టరు విజిల్ వేస్తాడు. పని పూర్తికాకుండానే పంచె సర్దుకుని వచ్చేస్తాడు. "ఏం మామా, ఒంట్లో బాగలేదా?" అంటే, "ఏముందిలే అల్లుడా, వయసు" అంటాడు.

వినేవాళ్లకు అది వైరాగ్యంలా ఉంటుంది. నాకందులో భయమే ఎక్కువ వినిపిస్తుంది.

మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి వయసుతో పెరిగి మూత్రనాళాన్ని నొక్కుతుంది. 60 ఏళ్లకు సుమారు సగం మంది మగవాళ్లలో, 85 నాటికి దాదాపు 90 శాతం మందిలో ఈ పెరుగుదల ఉంటుంది. పెరగడం వయసు పనే. కానీ రాత్రంతా లేస్తూ కూర్చోవడం, మూత్రం బిగిసి కిడ్నీల మీదికి రావడం భరించి తీరాల్సినవేం కావు. టామ్సులోసిన్ లాంటి మాత్రతో చాలామంది తేరుకుంటారు, అది చాలకపోతే ఆపరేషన్ ఉంది. మాటిమాటికీ ఒంటికి పోవాల్సి రావడం వెనక షుగరు ఉండొచ్చు, అరుదుగా క్యాన్సరూ ఉండొచ్చు. ఏది ఏదో పరీక్ష చేస్తే గానీ తేలదు.

పడకటింటి సంగతి ఇంకా లోపలిది. అంగం గట్టిపడకపోతే మగతనమే పోయిందని కుమిలిపోతాడు. అక్కడి రక్తనాళాలు గుండె నాళాలకంటే సన్నవి కాబట్టి పూడిక ముందు అక్కడ బయటపడుతుంది. గుండెపోటుకు కొన్నేళ్ల ముందే వచ్చిన హెచ్చరిక కావచ్చది. దాన్ని డాక్టరుకు చెప్పకుండా గోడమీది మగతనం మందుల ప్రకటనలోని నంబరుకు ఫోను చేస్తాడు. అలాంటి మందుల ప్రకటనలను 1954లోనే చట్టం నిషేధించింది. అయినా సిగ్గు ఉన్నంతకాలం వాటికి గిరాకీ తగ్గదు. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడుతున్నవాడు గుట్టుగా గట్టిపడే మాత్ర సిల్డెనాఫిల్ మింగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికే వస్తుంది.

భారతంలో యయాతి మహారాజు తన ముసలితనాన్ని కొడుకుకిచ్చి, అతని యవ్వనాన్ని తీసుకుని వెయ్యేళ్లు అనుభవించాడు. తనివి తీరదని తెలిశాక ముసలితనాన్ని తిరిగి అడిగి తీసుకున్నాడు. ఏం ఒప్పుకుంటున్నాడో ఆయనకు తెలుసు. మన మామ తెలుసుకోకుండానే ఒప్పేసుకుంటున్నాడు.

వయసు కొంత బలం పట్టుకుపోతుంది, పోనివ్వాల్సిందే. భార్యతో మనసు విప్పి మాట్లాడితే ఆ పోయినదాని బరువూ తగ్గుతుంది. అయితే అంతకుముందు డాక్టరు ఎదుట కూర్చుని "ఒంటికి సరిగా రావడం లేదు సార్" అనాలి. నయమయ్యేదంతా నయమయ్యాక మిగిలేదే వయసు. దానితో ఎవరైనా రాజీ పడొచ్చు.