సూది పట్టిన చేయి

నర్సింగ్ చదువులో మొదట్లోనే ఐదు ‘సరైన’లు వల్లె వేయిస్తారు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. వాటితోపాటు చేతులు కడుక్కోవడం, తెర వేయడం, రోగి చెప్పింది బయటపెట్టకపోవడం, చేసింది వెంటనే రాయడం. ప్రాణాలు కాపాడే నియమాలే, కాదనను. కానీ ఈ ఐదింటిలో ‘రోగిని అడిగావా?’ అన్నది లేదు. వద్దనే హక్కును తర్వాతి జాబితాల్లో చేర్చారు. చేర్చారన్న మాటే గానీ అది చివరనే ఉండిపోయింది.

మా మేనత్త ఎ.ఎన్.ఎం.గా రిటైరై రుద్రవరంలో ఉంటోంది. నల్లమల అంచు ఊరు. ఇప్పటికీ అందరికీ నర్సమ్మే. పనిచేసినన్నాళ్లూ ఫలానా మందని చెప్పకుండా సూది వేసేది కాదు. “ఇది ధనుర్వాతం సూది తల్లీ, రెండు రోజులు చెయ్యి నొప్పి పెడ్తాది. వేయించుకుంటావా?” ఆడవాళ్లు నవ్వేవారట. “మమ్మల్ని అడిగేదేముంది నర్సమ్మా, నువ్వేస్తే ఏయించుకుంటాం.”

ఆ నమ్మకాన్ని మనం మెచ్చుకుంటాం. నాకు మాత్రం భయం వేస్తుంది. అడగనక్కర్లేదన్న వాళ్లనే కదా ఎవరూ అడగనిది!

ఖమ్మం జిల్లా సంగతి గుర్తు చేసుకోండి. 2009లో అమెరికాకు చెందిన ‘పాత్’ సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడి మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి హెచ్.పి.వి. టీకా వేయించాయి. ఎందరో హాస్టళ్లలో చదువుకునే ఆదివాసీ పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో అది ఆగింది. ఆ మరణాలకు టీకా కారణమన్న ఆధారం విచారణలో దొరకలేదు. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌ను ఆపే టీకా అది. నా పేచీ టీకాతో కాదు. పరిశీలించిన 9,543 అంగీకారపత్రాల్లో 2,763 పత్రాల మీద ఉన్నది తల్లిదండ్రుల సంతకం కాదు, వార్డెన్లదీ హెడ్‌మాస్టర్లదీ. మరో 1,948 పత్రాల మీద వేలిముద్రలు. 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఇక్కడ ఐదు ‘సరైన’లూ పాటించి ఉండొచ్చు. మోతాదు సరిగ్గానే ఉండొచ్చు. అయినా అది నైతికమైన పనేనా?

సూది పట్టిన చేతిని నిలదీయడం తేలిక. అంతర్జాతీయ నర్సుల మండలి 1953 నుంచీ నీతినియమావళి ప్రకటిస్తూనే ఉంది. తన పనికి నర్సే జవాబుదారీ అంటుంది. ఒప్పుకుంటాను. కానీ జవాబు చెప్పాల్సినవాళ్లకు ప్రశ్నించే అధికారం ఎవరిచ్చారు? భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం సాధారణ ఆసుపత్రిలో ఐదుగురు రోగులకొక నర్సు ఉండాలి. రాత్రి డ్యూటీలో ఒక్కతే వార్డంతా పరుగెత్తడం మనం చూడనిదా? ఏటా మే 12న ‘సేవామూర్తి’ అని దండ వేస్తాం. మూర్తి మాట్లాడదు కదా, అదే సౌకర్యం. పరాయి ఒళ్లు తాకే పని గనక పరువైన కుటుంబాలు ఆడపిల్లల్ని పంపమన్న కాలంలో, మిషన్ ఆసుపత్రుల్లో ఆ పని నేర్చుకున్నవాళ్లలో దళిత క్రైస్తవ స్త్రీలెందరో. ఆ చేతులకు ఆజ్ఞలే గానీ అభిప్రాయాలు ఉండవని ఇప్పటికీ మన నమ్మకం. తనను ఎవరూ ఏమీ అడగని స్త్రీ, మరో స్త్రీని ‘నీకిష్టమేనా’ అని అడగాలి. ఇంత బరువైన పనిని పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది.

మా అత్త మరో మండలంలో పనిచేసేటప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి ఒకామె కాపర్-టి వేయించుకోవడానికి వచ్చింది. అత్తగారు తీసుకొచ్చింది, మొగుడు సరేనన్నాడు. “వాళ్లను కాదు, నిన్ను అడుగుతుండా,” అంది మా అత్త, తెర లోపలికి ఆమెనొక్కదాన్నే పిలిచి. చాలాసేపు మాట్లాడలేదట. చివరికి వద్దంది. కుటుంబ నియంత్రణ లక్ష్యాలను 1996లోనే ఎత్తేశామన్నారు గానీ నెలవారీ మీటింగుల్లో అంకెలు అడగడం మానలేదు. ఆ నెల లెక్కలో ఒకటి తగ్గింది. రిజిస్టర్లో పేరుకు, భర్త పేరుకు, పిల్లల సంఖ్యకు గడులున్నాయి. వద్దన్నదని రాయడానికి గడి లేదు. మా అత్త గీతకు బయట, అంచు మీద రాసింది. ఇట్లాంటివి రాయకూడదమ్మా అన్నాడట పై అధికారి. ఆమె కొట్టెయ్యలేదు.