కౌమారమున దేహధర్మబోధ

ఈ శరీరము క్షేత్రమనియు, దీని నెరిగినవాడు క్షేత్రజ్ఞుడనియు గీతాచార్యుడు పదమూడవ అధ్యాయమున బోధించెను. తన పొలము స్వభావ మెరుగని కర్షకుడు పంట పండింపజాలడు. తన దేహమున కలుగు మార్పుల నెరుగని బాలుడు మాత్రము దానిని ధర్మమార్గమున నడుపుట యెట్లు?

పది మొదలు పందొమ్మిదేండ్ల వరకు గల ప్రాయమును నేటి వైద్యశాస్త్రము కౌమారముగా పరిగణించుచున్నది. ఉన్నత పాఠశాల చదువంతయు ఈ ప్రాయముననే సాగును. దేహారోగ్యము, మనోనిగ్రహము, తోటివారితో మెలగవలసిన తీరు, స్త్రీపురుష ధర్మములు ఆ పిల్లలకు తరగతిలో బోధింపదగునా? బోధించినచో వారి నిర్మలత్వమునకు భంగము కలుగదా? ఈ శంక సద్గృహస్థులకు కలుగుట సహజమే. 2007లో కొన్ని రాష్ట్రములు కౌమారవిద్యా కార్యక్రమమును నిలిపివేయుటకు కారణము ఇట్టి శంకయే. పిదప 2020లో ఆయుష్మాన్ భారత్ క్రింద ప్రారంభమైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమమున 11 అంశములు చేర్చబడినవి. పోషకాహారము, మనస్స్వస్థత, మాదకద్రవ్య నివారణ, దౌర్జన్యమునుండి రక్షణ, అంతర్జాలమును జాగరూకతతో వాడుట మున్నగునవి అందు గలవు.

పెద్దల శంక ప్రేమనుండి పుట్టినదే. కాని అజ్ఞానమును నిర్మలత్వమని భ్రమించుట తగదు. తొలిసారి రజస్వలయైన బాలికకు ముందుగా ఎవరును చెప్పియుండనిచో, తనకేదో వ్యాధి సంక్రమించినదని ఆమె తల్లడిల్లును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి 15-19 ఏండ్ల బాలికలలో 59 శాతము రక్తహీనతతో నున్నారు. అలసటయే తమ సహజస్థితి యని వారిలో ఎందరో తలంచుచుందురు. ఇంతకంటె దారుణమైన విషయ మొకటి గలదు. నమ్మిన పెద్దవాడే చెడుతలంపుతో తాకినపుడు, దానిని చెప్పుటకు మాటయే నేర్వని బిడ్డ ఎవరితో మొరపెట్టుకొనును? పదునెనిమిదేండ్లలోపు వారి రక్షణకై 2012లో పోక్సో చట్టము వచ్చినది. 1098 అను ఫోను సంఖ్య గలదు. కాని బిడ్డ నోరు విప్పినగదా చట్టము చేయూతనిచ్చునది! లజ్జ వేరు, భీతి వేరు. లజ్జ శీలమునకు ఆభరణము. భీతి దుష్టునకు కవచము.

సత్యమును బిడ్డకు చెప్పుటకు మన ఋషులు వెనుదీయలేదు. ఛాందోగ్యోపనిషత్తున సత్యకాముడు తన గోత్రమేమని తల్లి నడిగెను. యౌవనమున అనేకుల పరిచర్యలో తిరుగుచు అతనిని కంటిననియు, గోత్రము తానెరుగననియు జబాల దాపరికము లేక చెప్పెను. ఆ మాటనే బాలుడు గౌతముని యెదుట పలికెను. గురువు అతనిని త్రోసివేయలేదు. సత్యమునుండి తొలగనివాడని మెచ్చి ఉపనయనము చేసెను. తల్లి చెప్పిన సత్యము బిడ్డను చెరుపలేదు. బ్రహ్మవిద్యకు అర్హుని చేసెను.

అయితే తెలివి యొక్కటియే చాలునా? చాలదు. చండామార్కులు ధర్మార్థకామములను లెస్సగా బోధించిరి. కాని ఆ విద్యకు పరమలక్ష్యము చూపలేకపోయిరి. ఆ లోపమును తీర్చినవాడు ప్రహ్లాదుడు. గురువులు ఇంటిపనులపై నేగిన వేళ, ఆటకు పిలిచిన సహాధ్యాయులకు అతడు చిరునవ్వుతో మృదువుగా భాగవతధర్మమును బోధించెను. దేహము పటుత్వముతో నుండగానే శ్రేయస్సుకై యత్నింపవలెనని హెచ్చరించెను. బోధ్యమే కాదు, బోధించు తీరును ఇందు గ్రహింపదగినది. పరిహాసము లేదు, బెదరింపు లేదు. పొగాకు ఊపిరితిత్తులను చెరుచునని చెప్పుటతో పాఠము ముగియరాదు. ఈ దేహము ఎవరి సేవకై లభించినదో కూడ తెలుపవలెను. ధర్మమునకు విరుద్ధము కాని కామము తన స్వరూపమే యని భగవానుడు పలికియుండగా, యౌవనమును పాపమని నిందించుటయు తగదు.

ఈ భారమును ఉపాధ్యాయునిపై మాత్రమే మోపరాదు. తరగతిలో విన్నదానిని గూర్చి బిడ్డ ఇంట ప్రశ్నించినపుడు తల్లి కసరుకొన్నను, తండ్రి ముఖము త్రిప్పుకొన్నను ఆ ప్రశ్న నశింపదు. సెల్‌ఫోనులోనికో, చెడుసహవాసములోనికో పోవును. మద్యము సేవించు తండ్రి మద్యనిషేధమును బోధించుట వ్యర్థమని వేరుగ చెప్పనేల?

సర్వమును ఉపదేశించిన పిమ్మట శ్రీకృష్ణుడు అర్జునుని శాసింపలేదు. లెస్సగా విమర్శించి యిచ్ఛవచ్చినట్లు చేయుమనెను. బిడ్డ వెంట పెద్దలు నిత్యము నడువజాలరు. వారు లేనిచోట అతనిని కాపాడునది వారొసగిన వివేకమే. అడిగిన బిడ్డకు శాంతముగా సత్యము చెప్పు గృహము, అంతర్యామియైన శ్రీహరికి ఆలయమే యగును.