పరదేశ పట్టణములో కాపురము

ధ్యాన భాగములు: యిర్మీయా 29:1–14, యోహాను 1:14

చెరపట్టబడి బబులోనునకు కొనిపోబడిన యూదులకు తమ మూటలు విప్పుటకు మనసొప్పలేదు. రెండు సంవత్సరములలో చెర తీరునని హనన్యా ప్రవచించియుండెను; ఆ మాట చెవికి ఇంపుగా నుండెను. రేపో మాపో విడిచిపోవు ఊరిలో గోడ కట్టువాడెవడు? చెట్టు నాటువాడెవడు? అట్టి సమయమున యెరూషలేమునుండి యిర్మీయా పత్రిక వారికి చేరెను. ఇండ్లు కట్టుకొని అక్కడనే నివసింపవలెననియు, తోటలు నాటి ఫలము అనుభవింపవలెననియు, బిడ్డలకు పెండ్లిండ్లు చేయవలెననియు, తమ్మును చెరపట్టిన ఆ పట్టణము కొరకే ప్రార్థింపవలెననియు అది ఆజ్ఞాపించెను. గడువు రెండు సంవత్సరములు కాదు, 70 సంవత్సరములు.

హెబ్రీ మూలమందు 7వ వచనములో ‘షాలోమ్’ అను మాట మూడు మారులు వచ్చుచున్నది. తెలుగు బైబిలులో దానికి ‘క్షేమము’ అను మాట వాడబడినది. షాలోమ్ అనగా కలహము లేకపోవుట మాత్రమే కాదు. ఇల్లు, పంట, ఆరోగ్యము, న్యాయము, దేవునితో సమాధానము, ఇవన్నియు కూడిన నిండు జీవితము. పట్టణపు క్షేమము ఒకటి, అందులో నివసించు విశ్వాసి క్షేమము మరియొకటి అని దేవుడు వేరుపరచలేదు.

యూదులు బలవంతముగా కొనిపోబడినవారు. సువార్త నిమిత్తము పరదేశమునకు వెళ్లు సేవకుడైతే ఇష్టపూర్వకముగా వెళ్లువాడు. అయినను శోధన ఒక్కటే. దేహము క్రొత్త పట్టణములో నుండును. మనస్సు ఇంకను ఓడ దిగియుండదు. బోధింపవలెనను ఆత్రము మెండు, కాపురముండుటకు ఓర్పు తక్కువ. సేవకుని నోరు తెరువకమునుపు దేవుడు అతనికి ఏమి నేర్పునో రంగూనులో కాలుమోపిన ఒక దంపతుల చరిత్ర చూపుచున్నది.

నేడు యాంగాన్ అని పిలువబడు రంగూను తెలుగువారికి క్రొత్త పేరు కాదు. మన కోస్తా జిల్లాలనుండి వేలాదిమంది కూలిపనికై ఓడలెక్కి వెళ్లిన రేవు అది. వారికంటె ముందు, 1813 జూలై 13న, అదోనీరాము జడ్సన్, ఆయన భార్య ఆన్ ఆ రేవులో దిగిరి. ఆయనకు 24 ఏండ్లు, ఆమెకు 23. అమెరికానుండి వచ్చిన వీరిని ఈస్టిండియా కంపెనీ కలకత్తాలో నిలువనియ్యలేదు. మద్రాసు రేవునుండి బయలుదేరిన ఓడలోనే వారి మొదటి బిడ్డ మృతశిశువుగా జన్మించెను. ఆన్ నడువలేని స్థితిలో నుండగా ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి ఊరిలోనికి మోసికొనిపోయిరి. దారిలో నీడకు దించగా జనులు వింతగా చుట్టు మూగిరి. ఆమె తలయెత్తి చిరునవ్వు నవ్వగా వారందరు పెద్దపెట్టున నవ్విరి. రంగూనులో వారికి లభించిన మొదటి స్వాగతము అదియే.

విలియం కేరీ కుమారుడైన ఫీలిక్సు నివసించుచుండిన మిషను గృహములో వారు కాపురము పెట్టిరి. వారి ఉపాధ్యాయునికి ఇంగ్లీషు రాదు. వారికి బర్మా భాష రాదు. వారు ఒక్కొక్క వస్తువును వ్రేలితో చూపుదురు, ఆయన దాని పేరు చెప్పును. వేదాంతశాస్త్రము చదివిన పండితుడు పసిబిడ్డవలె కుండకు పేరేమి, తలుపుకు పేరేమి అని నేర్చుకొనెను. తాటియాకులపై గీసిన గుండ్రని అక్షరములు మాటకు మాటకు నడుమ ఎడము లేక గొలుసువలె సాగిపోవుచుండెను.

ఇచ్చట గమనింపదగిన సంగతి ఒకటి కలదు. జడ్సన్ దినమంతయు పుస్తకముల యెదుట కూర్చుండి వ్యాకరణమును శోధించెను. ఇల్లు నడుపు భారము ఆన్‌పై పడెను. పనివారితోను అమ్మకపువారితోను ఆమె మాటలాడక తప్పలేదు. కొంతకాలమునకు భాషానిర్మాణము ఆయనకు ఎక్కువ తెలిసెను గాని, మాటలాడుటలోను, ఎదుటివారి మాట గ్రహించుటలోను ఆమెయే ముందుండెను. వంటయింటి చింత సేవకు అడ్డమని తలంచువారు దీనిని ఆలోచింతురు గాక. సువార్త ప్రకటింపవలసిన భాషలో సగము బల్లయొద్ద, సగము బజారులో దొరకును.

1815లో వారికి రోజరు అను కుమారుడు పుట్టెను. ఎనిమిది నెలలు తల్లి ఒడిలో పెరిగి, 1816 మే మాసములో అతడు జ్వరముతో మరణించెను. ఆ దినమున బర్మీయులును పోర్చుగీసువారును తలిదండ్రులతోకూడ సమాధివరకు నడచిరి. తరువాత రాజప్రతినిధి భార్యయు పరివారముతో పరామర్శకు వచ్చెను. కుర్చీలోని పరదేశ స్త్రీని చూచి నవ్విన పట్టణమే మూడేండ్లకు ఆమె బిడ్డ పాడెవెంట నడచెను. అప్పటికి బాప్తిస్మము పొందినవారు ఒక్కరును లేరు. లెక్కల పుస్తకములో వ్రాయుటకు ఏమియు లేదు. అయినను వారు ఇక ఆ ఊరికి అన్యులు కారు. ఆ మట్టిలో వారి బిడ్డ నిదురించుచుండెను.

ఫలమెంత అని స్వదేశపు సంఘములు అడుగుట సహజమే. ఆ సంవత్సరమే జడ్సన్ తన స్నేహితునికి వ్రాసిన జాబులో, సర్వశక్తుడును నమ్మదగినవాడునైన దేవుడు ఉన్నాడన్నంత నిశ్చయముగా నిరీక్షణ కలదని వారికి చెప్పుమని కోరెను. 1819లో పగోడాలవైపు జనులు వెళ్లు మార్గము ప్రక్కన ఆయన ఒక జయాత్ కట్టించెను. జయాత్ అనగా బాటసారులు కూర్చుండు సత్రము. ఆ దేశములో ధర్మబోధ జరుగు చోటు అదియే. ఆయన తన స్వదేశపు గుడివంటి దానిని అక్కడ నిలుపలేదు. ఆ ఊరివారు ఎరిగిన నీడలో, వారివలె కూర్చుండి, వచ్చువారిని పలుకరించెను. అదే సంవత్సరము జూన్ 27న మౌంగ్ నౌ అను పేదవాడు బాప్తిస్మము పొందెను. రేవులో దిగిన దినమునుండి దాదాపు ఆరు సంవత్సరములు గడచెను.

ఆ ఆరు సంవత్సరములు వ్యర్థమా? ఆయన బర్మా బైబిలులో దానికి జవాబున్నది. 1834లో అనువాదము ముగిసెను. నేటికిని ఆ సంఘములు దానిని చదువుచున్నవి. యెహోవా నామమునకు అందులో ‘థావర ఫయా’ అను మాట కలదు. ‘ఫయా’ అను మాటను బర్మీయులు బుద్ధునికిని పగోడాకును వాడుదురు. ‘థావర’ పాళీనుండి వచ్చినది; సంస్కృతమున అదియే ‘స్థావర’. చలింపక నిలుచువాడు, నిత్యుడు అని భావము. ఇట్టి మాటను నిఘంటువు మాత్రమే చూచి ఏర్పరచుకొనుట కష్టము. ఆ జనులు దానిని ఎంత భక్తితో పలుకుదురో వారి నడుమ నివసించినవాడే ఎరుగును. నిలుచు దేవుని ప్రకటించుటకు సేవకుడు మొదట తానే నిలువవలసివచ్చెను.

ఇది జడ్సన్ కనిపెట్టిన మార్గము కాదు. వాక్యము శరీరధారియై మనుష్యుల మధ్య నివసించెనని యోహాను సాక్ష్యమిచ్చుచున్నాడు. గ్రీకు మాటకు గుడారము వేసికొనెనని అర్థము. లోకరక్షకుడు దాదాపు 30 ఏండ్లు నజరేతులో వడ్రంగిగా నుండి, ఆ ఊరి యాసలో మాటలాడి, ఆ ఊరి పెండ్లిండ్లకును చావులకును వెళ్లెను. బహిరంగ బోధ సాగినది కొద్ది సంవత్సరములే. తండ్రి ఆ మౌన సంవత్సరములను నష్టమని ఎంచలేదు.

అయితే కాపురముండుట కలిసిపోయి కరగిపోవుట కాదు. దానియేలు బబులోను రాజ్యమునకు నమ్మకముగా సేవచేసెను; అతని కిటికీలు మాత్రము యెరూషలేముతట్టు తెరువబడియుండెను. పని పట్టణములో, పౌరసత్వము పరలోకములో.

ప్రియ చదువరులారా, మీ కుటుంబములోనుండి గాని మీ సంఘములోనుండి గాని ఒకరు దూరదేశపు పట్టణమునకు సేవకై వెళ్లియున్నచో, మొదటి ఏట ఎందరు మారిరని వ్రాసి అడుగకుడి. పొరుగింటివారి పేరు తెలిసెనా, ఎవరి దుఃఖములో పాలుపొందితిరి, ఆ ఊరికొరకు ఏమి ప్రార్థించుచున్నారని అడుగుడి. వెళ్లిన సేవకుడా, నీ పెట్టె విప్పుము. కూరగాయలు అమ్మువానియొద్ద ఒక మాట నేర్చుకొనుము. జ్వరమువచ్చినప్పుడు పొరుగువాని చేతి గంజి పుచ్చుకొనుటకు సిగ్గుపడకుము. ఇచ్చుటకు వచ్చినవానికి పుచ్చుకొనుట కష్టము, అయినను ప్రభువు సమరయ స్త్రీని నీళ్లడిగెను గదా.

పట్టణములను ప్రేమించు ప్రభువు, పరదేశములలో నున్న తన సేవకులకు నిలుచు ఓర్పును, నేర్చుకొను దీనత్వమును, వారిని పంపిన సంఘములకు ఎదురుచూచు విశ్వాసమును అనుగ్రహించును గాక. ఆమేన్.